అత్తమ్మకు దొరకని పాపం

మా అత్తమ్మ మంచితనం చాలాకాలం నా పరిచర్యకు అడ్డంగా నిలబడింది. ఒక పాస్టరు నోటి నుంచి రాకూడని మాటే ఇది. కానీ నిజం. ప్రతి ఆదివారం నేను ప్రసంగానికి నిలబడి, మనుషులందరూ పాపులేననీ, మంచివాడని పేరున్నవాడు కూడా తన మంచితనంతో గట్టెక్కలేడనీ గొంతు చించుకుంటూ ఉంటే, ఆమె ముందు వరసలో చాప మీద కూర్చుని శ్రద్ధగా తల ఊపుతూ ఉండేది. నా చూపు ఆమె మీద పడగానే మాట తడబడేది. సంఘంలో మిగతావాళ్ళు కూడా అప్పుడే ఆమె వైపు చూసేవాళ్ళు. "ఈమె కూడానా అయ్యగారూ?" అని వాళ్ళ ముఖాల్లో స్పష్టంగా కనబడేది.

మాది కోదాడ. సెమినరీ చదువు ముగించి మిర్యాలగూడ శివార్లలోని ఒక చిన్న సంఘానికి కాపరిగా వచ్చి ఎనిమిదేళ్ళయింది. రేకుల షెడ్డు, పది ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి ఆరు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, ఆటోలు నడిపేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. నాకు కోపం కాస్త ఎక్కువ. సిద్ధాంతం విషయంలో అయితే మరీ ఎక్కువ. "మీకు సెమినరీల, ప్రేమ ఒక్కటి తప్ప అన్నీ నేర్పిన్రు" అని నా భార్య అంటూ ఉంటుంది. ఆమె పుట్టిల్లు సూర్యాపేట అవతల మోతె. మాటలో మోతె పోలేదు, పోనివ్వదు కూడా.

అత్తమ్మ ఆ మోతెలోనే సర్కారు బడిలో పదిహేనేళ్ళు మధ్యాహ్న భోజనం వండింది. మామయ్య పోయాక, మోకాళ్ళు కూడా మొరాయించాక, నాలుగేళ్ళ కిందట మా దగ్గరికి వచ్చేసింది. పిల్లల అన్నంలో రాయి వస్తే ఆ రోజంతా తను తినకుండా పడుకునేదట. బడి నుంచి ఒక ఎల్లిపాయ కూడా ఇంటికి తెచ్చుకోలేదని ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. మా ఇంటికి వచ్చాక కూడా అంతే. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా జావ మా పొయ్యి మీద నుంచే వెళ్ళేది. కూరగాయల ఆమెతో బేరం ఆడదు. నాతో వాదించదు. నన్ను ఇంట్లో కూడా "అయ్యగారూ" అనే పిలుస్తుంది, "మీరు" అనే అంటుంది. వద్దంటే నవ్వుతుంది, అంతే.

ఆమె పుట్టింది హిందూ కుటుంబంలో. మొదట్లో ఇంట్లో ఒక్కతే కూర్చోలేక మాతో చర్చికి వచ్చేది. తర్వాత పాటలు వచ్చాయి. ఆ తర్వాత తెల్లవారక ముందే లేచి, గోడకు ఆనుకుని, గుసగుసగా ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మా సంఘంలో నెలకొకసారి ప్రభు బల్ల, అంటే ప్రభువు చివరి విందును తలుచుకుంటూ రొట్టె పంచుకోవడం, ఉంటుంది. రొట్టె ముక్కల పళ్ళెం చేతులు మారుతూ పోతుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు తీసుకుంటారు, తీసుకోనివాళ్ళు పక్కవాళ్ళకు అందిస్తారు. అత్తమ్మ నాలుగేళ్ళు అలా అందిస్తూనే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింటి గడపలో నిలబడి, నా ముఖం చూడకుండా అడిగింది.

"అయ్యగారూ, ఆ పళ్ళెం నా చేతులకెల్లి పోతది గదా. ప్రతిసారి మనసు పీకుతది. నేనెప్పుడు తినాలె?"

నా సంతోషానికి హద్దు లేదు. ఆ క్షణంలోనే బాప్తిస్మానికి తేదీ చెప్పేశాను. తేదీ చెప్పడానికి తొందర కూడా ఉంది. మునిగి తీసుకునే బాప్తిస్మానికి మా దగ్గర తొట్టి లేదు. సాగర్ ఎడమ కాలువ నుంచి చీలి మా ఊరి పక్కగా పోయే చిన్న కాలువే మాకు దిక్కు. యాసంగి వరికి ఆఖరి తడి ఇచ్చాక దాన్ని కట్టేస్తారు. మళ్ళీ డ్యాం నిండి నీళ్ళు వదిలేదాకా కాలువలో మేకలు మేస్తాయి. ఒక్కో ఏడాది ఆ వదలడం కూడా ఉండదు. అత్తమ్మకు డెబ్భై దాటాయి. ఈసారి దాటిపోతే ఇంకో ఏడాదో, ఎన్నేళ్ళో ఆమె ఆ పళ్ళెం పక్కవాళ్ళకు అందిస్తూనే ఉండాలి.

అంతా సవ్యంగానే ఉంది, ఒక్కటి తప్ప. మా దగ్గర బాప్తిస్మానికి ముందు కాలువ గట్టున నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేనెలా ఉండేవాణ్ణి, ఏ పాపంలో పడి ఉన్నాను, ప్రభువు నన్నెలా లేపాడు అని పదిమందిలో చెప్పుకోవాలి. జనానికి ఈ సాక్ష్యాలంటే మహా ఇష్టం. పాపం ఎంత పెద్దదైతే స్తోత్రాలు అంత గట్టిగా వినిపిస్తాయి. తాగి భార్యను కొట్టినవాడు, పేకాటలో ఆటో పోగొట్టుకున్నవాడు నిలబడితే గట్టంతా సద్దుమణిగిపోతుంది. నేను కూడా కళ్ళు మూసుకుని "ఆమెన్, ఆమెన్" అంటూ ఉంటాను.

సాక్ష్యానికి ముందు ఒక మాట అడగడం నా పద్ధతి. అత్తమ్మను కుర్చీలో కూర్చోమన్నాను. అల్లుడి ముందు కుర్చీలో ఎలా కూర్చుంటానని ఆమె గడప మీదే కూర్చుంది.

"అత్తమ్మా, మీరు పాపినని ఒప్పుకుంటున్నారా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది.

"ఏం పాపం చేసిన అయ్యగారూ?"

"అది నేను చెప్పకూడదండీ, మీరే చెప్పాలి."

"యాదికొస్తలేదు. అబద్ధమాడలే. ఒకరి సొమ్ము ముట్టలే. మీ మామతోటి రెండుసార్లు కొట్లాడిన, ఆయనే తప్పు ఒప్పుకున్నడు."

నాకు కోపం రాకూడదు, కానీ వచ్చింది. అణచుకుని వివరించాను. మనిషిలో మంచి లేదని కాదు, ఉంది. కానీ దేవుడి దగ్గరికి పోవడానికి ఆ మంచి చాలదు. రక్షణ ఉచితంగా ఇచ్చేది, సంపాదించుకునేది కాదు. ఇప్పుడు బస్సుల్లో ఆడవాళ్ళకు జీరో టికెట్ ఇస్తున్నారు కదా, అలాగన్నమాట. ఉచితమే, అయినా చెయ్యి చాచి తీసుకోవాలి. ఈ పోలిక నేను సూర్యాపేట బస్టాండులో ఆలోచించి పెట్టుకున్నది. రెండు సభల్లో మంచి పేరు కూడా తెచ్చింది.

అత్తమ్మ శ్రద్ధగా విని, "మంచిగ చెప్పిన్రు" అంది. తర్వాత నెమ్మదిగా అంది, "కండక్టరు నన్ను ఆధార్ కార్డు అడుగుతడు. నువ్వు పాపివా అని అడగడు గదా అయ్యగారూ."

లోపల నుంచి నా భార్య పగలబడి నవ్వింది. నన్ను రెచ్చగొట్టడానికి ఆ నవ్వు చాలు. "ఒక వారం టైమిస్తున్నా, హృదయాన్ని పరీక్షించుకోండి. ఒప్పుకోకుండా నేను నీళ్ళలోకి దించలేను" అని లేచి వచ్చేశాను.

ఆ వారం మా ఇంట్లో నాకు జరిగిన మర్యాద చెప్పుకోదగ్గది కాదు. నా భార్య పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు ఎక్కడుందో నన్నే వెతుక్కోమంది. "మా అమ్మ లోపల పాపం దొరికిందా? దొరికితే నాకు గూడ సూపియ్యుండ్రి, డెబ్భై ఏండ్లు ఎవ్వరికి దొరకలే" అంది. నేను వాక్యం చెప్పబోయాను. "మీ వాక్యం నాకు తెల్సు. మా అమ్మ గూడ నాకు తెల్సు" అని గిన్నె ఎత్తి లోపల పెట్టేసింది. సంఘంలో ఒకాయన అయితే ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ఆమెను జర సూసీ సూడనట్టు దించరాదుండ్రి" అని బతిమాలాడు. నేను ససేమిరా అన్నాను. సత్యం కోసం నిలబడుతున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

శుక్రవారం నుంచి వంటింట్లో అత్తమ్మ ఏదో గొణుక్కుంటూ ఉండటం వినిపించింది. ప్రార్థన అనుకున్నాం. శనివారం సాయంత్రం ఆమే నా దగ్గరికి వచ్చింది. తల దించుకుని ఉంది.

"దొరికిందయ్యగారూ."

"ఏంటత్తమ్మా?"

"పాపం. ఒకటి దొరికింది. రేపు గట్టు మీద చెప్త."

నేను పొంగిపోయాను. ఒప్పుకుంటున్నాను, ఆ రాత్రి నేను రెండు గరిటెలు ఎక్కువే తిన్నాను. అంత మంచి మనిషిలో కూడా ఒక పాపం దొరికింది, నా ప్రసంగం నిజమైంది, నేను గెలిచాను. సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

ఆదివారం పొద్దున కాలువ దగ్గరికి వెళ్ళేసరికి లష్కర్, అంటే కాలువ నీళ్ళ కాపలా చూసే మనిషి, గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. "పైన గేటు దించిన్రు సారూ. జల్ది కానియ్యుండ్రి. పన్నెండు కొడితే మోకాటి బంటి గూడ ఉండయ్" అన్నాడు. అప్పటికి నీళ్ళు నడుము దాకా ఉన్నాయి.

ఆ రోజు ముగ్గురు. మొదటివాడు లారీ డ్రైవర్. అతని సాక్ష్యం మొదలైతే ఆగలేదు. విజయవాడలో తాగింది, నాగపూర్‌లో తన్నులు తిన్నది, హాలియా దగ్గర లారీ పొలంలో దింపింది, అన్నీ వచ్చాయి. జనం స్తోత్రాల మీద స్తోత్రాలు. అతను నాగపూర్ చేరేసరికి రేవులో ఒక మెట్టు బయటపడింది. హాలియా చేరేసరికి రెండోది. నేను గడియారం చూసుకుంటూ దగ్గాను. అతను దాన్ని ఆమెన్ అనుకుని ఇంకా ఉత్సాహపడ్డాడు. రెండో మనిషి డిగ్రీ చదివే అమ్మాయి, పాపం తన సాక్ష్యాన్ని రెండు ముక్కల్లో ముగించింది. ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చి నేను నీళ్ళలోనే నిలబడ్డాను. అప్పటికి నీళ్ళు తొడల కిందికి వచ్చాయి.

అత్తమ్మ తెల్ల చీరలో ముందుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే గట్టు వెనక నుంచి మోతె ఆడవాళ్ళు ఐదారుగురు పరుగులాంటి నడకతో వచ్చి గుంపు వెనక నిలబడ్డారు. నా భార్య ఫోన్లు చేసి పిలిచింది వాళ్ళను. సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సు దొరకక ఆలస్యమైందట. అత్తమ్మ వాళ్ళను చూడలేదు. ఆమె చూపు నీళ్ళ మీదే ఉంది. పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"నేను మోతె బడిల అన్నం వండేదాన్ని. నేను పాపిని. బడి బియ్యంలకెల్లి దినాం ఇంత కొంగుల కట్టుకొని ఇంటికి తీస్కపోయిన. పిల్లల నోటికాడి కూడు దొంగతనం చేసిన."

ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు, అది ఒంటరిగా మిగిలిపోయింది. నా భార్య "అమ్మా, ఏంది గా అబద్ధం!" అని అరిచింది. అంతలో గుంపు వెనక నుంచి ఇంకో గొంతు లేచింది.

"ఏయ్ అక్కా! గది నా ముచ్చట!"

మోతె నుంచి వచ్చినవాళ్ళలో ఒకామె జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. అత్తమ్మతో పాటు అదే బడిలో, అదే పొయ్యి దగ్గర వండిన మనిషి.

"నన్ను బద్నాం చేయనీకి ఇంత దూరం పిలిపించినవా? కొంగుల బియ్యం కట్టుకపోయింది నేను. ఈమె కాదు. ఈమె ఉప్పు గల్లు గూడ ముట్టలే. గది అందరికి తెల్సు!"

అత్తమ్మ అప్పుడే ఆమెను చూసింది. "నువ్వొస్తవని నాకు తెల్వదే చెల్లె" అంది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లలా చెప్పింది. "నాది ఏదీ యాదికి రాలే అయ్యగారూ. మీరేమో ఒకటి కావాలె అంటిరి. నాకు దగ్గర్నుంచి తెల్సిన పాపం గదొక్కటే."

ముందు లారీ డ్రైవర్ నవ్వాడు. తర్వాత గట్టంతా నవ్వింది. లష్కర్ కూడా బీడీ పారేసి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ మధ్యలోనే ఆగిపోయింది. బాప్తిస్మం కోసం అబద్ధ సాక్ష్యం చెప్పిన మనిషిని ఏం చేయాలో నాకు సెమినరీలో ఎవరూ చెప్పలేదు. నీళ్ళేమో దిగిపోతున్నాయి.

మోతె నుంచి వచ్చినామె మాత్రం నవ్వలేదు.

"ఆ దినాలల్ల మా ఆయన దవాఖానల ఉండె. ఇంట్ల పిల్లలు. పొయ్యి వెలిగించనీకి గింజ లేదు. నువ్వు సూసినవ్. నన్ను ఒక్క మాట అడగకపోతివి. పెద్దసారుకు చెప్పినా బాగుండు. అదీ చెప్పకపోతివి. ఆరేండ్లు పక్కపక్కన కూసోని పొయ్యి ఊదినం. నాతోటి నోరిప్పి మాట్లాడలే. దొంగదానితోటి ఏం మాట అనుకున్నవ్ గదా?"

నవ్వులు ఆగిపోయాయి. అత్తమ్మ ఆమెను చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు, ఇంకో మెట్టు మాత్రం బయటపడింది.

"ఔ" అంది చివరికి. గొంతు మారింది. పాఠం అప్పజెప్పే గొంతు కాదు. "సూసిన. నువ్వు కొంగు ముడేసుకున్నప్పుడల్ల సూసిన. నాకు కోపం రాలే చెల్లె. సంబురమయ్యేది. నేను దీనికంటె మేలు గదా అని లోపల్లోపల సంబురపడేదాన్ని. ఆ సంబురం పోతదేమో అనే నిన్ను అడగలే. ఇంటికి పిలిచి ఇంత అన్నం పెడితె నువ్వు దొంగతనం చెయ్యకపోదువు. అప్పుడు నేను మేలెట్లయిత?" తర్వాత నన్ను చూసి, "ఇగ దొరికింది అయ్యగారూ. ఇది నాదే" అంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. నేను నీళ్ళలోనే నిలబడి ఉన్నాను. నిన్న రాత్రి అత్తమ్మకు పాపం దొరికిందని నేను పడ్డ సంతోషం నాకు గుర్తొచ్చింది. అది ఆమె చెప్తున్న సంబరమే. ఎనిమిదేళ్ళలో ఎన్ని సాక్ష్యాలు కళ్ళు మూసుకుని విన్నానో, ప్రతిసారీ లోపల ఏమనుకున్నానో అన్నీ గుర్తొచ్చాయి. పాపం గురించి నేను చేసిన ప్రసంగాలన్నీ కలిపినా ఆమె చెప్పిన ఆ నాలుగు మాటలకు సరిపోవు. నాకు సిగ్గేసింది.

అత్తమ్మ వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "తప్పయింది చెల్లె" అంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ముక్కు చీదింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ముందు తేరుకున్నది మోతె నుంచి వచ్చినామే.

"ఇగ ఏడ్సింది సాలు. దిగక్కా, నీళ్ళు ఖతమైతున్నయ్!"

నిజమే. నీళ్ళు మోకాళ్ళకు వచ్చేశాయి. నిలబెట్టి ముంచడం కుదరదు. అత్తమ్మను కాలువ అడుగున బురదలో కూర్చోబెట్టి వెనక్కి వాల్చాను. తల మునిగింది, కాళ్ళు తేలాయి. కాళ్ళు నొక్కితే మోచేయి బయటికొచ్చింది. ఒడ్డు నుంచి మోతె ఆడవాళ్ళు, "చెయ్యి! చెయ్యి మునగలే అయ్యగారూ!" అని కేకలు. చివరికి ఆ తోటి వంటామె చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, "నేను పడ్త, మీరు ముంచుండ్రి" అని అత్తమ్మ చెయ్యి నీళ్ళలో అదిమి పట్టుకుంది. మొత్తానికి ముంచాం. అత్తమ్మ జుట్టులో గడ్డిపోచతో, నోట్లో నీళ్ళతో లేచి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. డోలక్ మోగింది. లారీ డ్రైవర్ గట్టు మీద గంతులేశాడు. నా భార్య నన్ను చూసి వారం తర్వాత మొదటిసారి నవ్వింది. అది నాకు ఎంత ఊరటో చెప్పలేను.

బగారా అన్నం, కోడి కూర ఉడుకుతుండగా షెడ్డులో ప్రభు బల్ల జరిగింది. అత్తమ్మ తడి జుట్టు ముడేసుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన తోటి వంటామె. ఆ రోజు పళ్ళెం చేతులు మారనివ్వకుండా నేనే పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. ఎందుకో అలా చేయాలనిపించింది. తీసుకునేవాళ్ళందరికీ ఇచ్చి చివరికి అత్తమ్మ దగ్గరికి వచ్చాను. ఆమె రెండు చేతులూ చాచి రొట్టె ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు.

"తినక్కా, ఇంకేం సూస్తున్నవ్" అని పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

అత్తమ్మ నన్ను చూస్తోంది.

"అందరికి వచ్చిందా?"

"వచ్చింది అత్తమ్మా. మీరు తినండి."

"మరి నువ్వు తిన్నవా బిడ్డా?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఎప్పుడూ బిడ్డా అనలేదు. ఎనిమిదేళ్ళలో ఆ షెడ్డులో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అందరికీ పంచాక, వెనక్కి తిరిగి, తర్వాత చెప్పాల్సిన ప్రకటనలు తలుచుకుంటూ నేనో ముక్క నోట్లో వేసుకునేవాణ్ణి. వంట చేసే మనిషి ఉప్పు చూసినట్టు.

"లేదు" అన్నాను.

ఆమె జరిగి చాప మీద చోటు చేసింది. "రా, కూసో" అని పళ్ళెం నా చేతిలోంచి తీసుకుంది. నేను ఆమె పక్కన కూర్చుని, అందరి ముందూ చెయ్యి చాచాను. ఆమె ముక్క పెట్టింది. ఇద్దరం తిన్నాం.